మా ముసలివాళ్లకు మేం పడ్డ బాకీ

తమిళనాడు ధర్మపురి జిల్లాలో, మహేంద్రమంగళం చుట్టుపక్కల, పాలక్కోడు, మారండహళ్లి దారుల్లో ఉన్న మా తెలుగు ఇళ్లలో ముసలివాళ్లను మేం తిండికి మాడ్చలేదు. బట్టకు తక్కువ చేయలేదు. వేళకు సంగటి ముద్ద పెట్టాం, పండక్కి కొత్త చీర తెచ్చాం. అందుకే మా మీద మాకు ఎన్నడూ అనుమానం రాలేదు. వాళ్ల కళ్లు, చెవులు, పాదాల స్పర్శ ఒక్కొక్కటీ జారిపోతుంటే మాత్రం చూస్తూ కూర్చున్నాం. ‘వయసైంది గదా’ అనుకుని లేచి మా పనుల్లోకి పోయాం. ఈ తప్పు ఫలానా కొడుకుదో ఫలానా కోడలిదో కాదు. మా అందరిదీ.

మా వైపు టమాటా పంట ఎక్కువ. మండీకి పోయే ముందు కాయను ఏరాలి. పచ్చిది దూరం పోయే లారీకి, దోరది దగ్గరి సంతకు, పగిలింది పక్కకు. గోనెపట్టా మీద కూర్చుని ఏరేది ఆడవాళ్లే, వాళ్లలో వయసు మళ్లినవాళ్లు చాలామంది. నలభై దాటితే కంటిలోని కటకం బిగుసుకుని దగ్గరి చూపు తగ్గడం అందరికీ ఉండేదే. శుక్లం మొదలైతే ఆ కటకం పసుపు బారుతుంది, దోరకాయకూ పచ్చికాయకూ తేడా మసకేస్తుంది. అప్పుడు ఆ మనిషి పని చేసే తీరు చూడండి. కాయను మొహం దగ్గరికి తెస్తుంది. వెలుతురు వైపు తిప్పుతుంది. బొటనవేలితో తొడిమ పక్కన మెల్లగా నొక్కి మెత్తదనం పడుతుంది, ఇంకా అనుమానంగా ఉంటే వాసన చూస్తుంది. కన్ను చేయాల్సిన పనిని వేలికీ ముక్కుకూ అప్పగించి బుట్ట నింపుతుంది. ఆ వేళ్ల నేర్పు మా కంట పడలేదు, బుట్ట ఆలస్యమైందని మాత్రం కనిపెట్టాం. ‘నీకు కండ్లు ఆనవు అవ్వా, పోయి నీడన కూర్చో’ అన్నాం. దయతోనే అన్నాం. ఆ దయ ఆమె కూలీ తీసేసింది.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీలతో జరిగిన పరిశోధన 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. వాళ్లలో సగం మందికి దగ్గరి చూపు అద్దాలు ఇచ్చారు. అద్దాలు లేనివాళ్లతో పోలిస్తే వాళ్లు కోసిన ఆకు ఇంచుమించు 22 శాతం ఎక్కువ పెరిగింది. పొలానికి పురుగుమందు డబ్బాలు అప్పు చేసి కొన్న మాకు, అంత ఖర్చు కూడా కాని అద్దాల జత గుర్తుకు రాలేదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు పథకం మొదలై ఊరూరా పరీక్షలు చేసి అద్దాలు పంచితే, మన తెలుగువాళ్ల దగ్గర జరుగుతోందని సంబరపడ్డాం. మా పంచాయతీలో అలాంటిది కావాలని అడగలేదు.

శుక్లానికైతే సాకే లేదు. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి పెట్టారు. కీళ్లవాతంతో వంకర తిరిగిన వేళ్లతోనే ఆయన వేలమందికి ఆపరేషన్లు చేశారు. 1992లో అరోల్యాబ్ మొదలై, కంటిలో పెట్టే లెన్సులు మన దేశంలోనే తయారయ్యాక పేదవాడికీ అవి అందాయి. ఊరికి వచ్చి పరీక్షించి, బస్సులో తీసుకుపోయి, ఆపరేషన్ చేసి తిరిగి దింపే క్యాంపులు తమిళనాట అందరికీ తెలుసు. మేం మాత్రం ‘పొర ముదరనీ’ అన్నాం. ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలపు ఆపరేషన్ల మాట. ఇప్పుడు ముదిరితేనే కష్టం. తర్వాత ‘కోతలు కానీ’ అన్నాం, ఆ తర్వాత ‘పెళ్లి కానీ’ అన్నాం. నీటికాసులు (గ్లకోమా) ఇంకా దారుణం. చాలామందిలో నొప్పి లేకుండా చుట్టూ ఉన్న చూపును ముందు తినేస్తాయి, పోయిన చూపు తిరిగి రాదు. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్‌లో ఊళ్లు తిరిగి పరీక్షిస్తే, ఆ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి ఉన్నట్టే తెలియదని తేలింది. తోడబుట్టినవాళ్లకు ఉంటే మనమూ చూపించుకోవాలి. మేం కళ్లు ఎర్రబడినప్పుడల్లా మెడికల్ షాపుకు పోయి, చీటీ లేకుండా చుక్కలు తెచ్చి నెలల తరబడి వేశాం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయేమోనని ఎవరినీ అడగలేదు.

చెవి సంగతి వేరు. చూపు పోతే మనిషి తడుముకుంటుంది, తూలుతుంది, పక్కవాళ్లకు తెలుస్తుంది. వినికిడి పోతే పైకి ఏమీ కనపడదు. ముందు సన్నని శబ్దాలు పోతాయి. స, శ, త, క లాంటి హల్లులు, చిన్నపిల్లల గొంతులు. అచ్చులు వినపడుతూనే ఉంటాయి కాబట్టి అవ్వకు మాట చెవిన పడుతుంది, అర్థం కాదు. దాన్ని మేం మతిమరుపనుకున్నాం, మొండితనమనుకున్నాం. ‘తనకు కావలసింది మాత్రం బాగానే వినపడుతుంది’ అని నవ్వుకున్నాం. గట్టిగా అరిచాం. అరిస్తే అచ్చు పెద్దదవుతుందే గానీ పోయిన హల్లు తిరిగి రాదు. పైగా ఆమెకు కనిపించేది మా కోపమొహం. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, నిదానంగా చెబితే చాలావరకు అందేది. అంత తీరిక మాకు లేక కాదు.

మా ఇళ్లలో ఈ దెబ్బ ఇంకా లోతుకు తగిలింది. మా తెలుగు పుస్తకాల్లో కంటే నోళ్లలోనే ఎక్కువ ఉంది. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. పిల్లలు చదివేది తమిళం, ఇంగ్లీషు. తెలుగు వాళ్లకు చేరే దారి అవ్వాతాతల నోరే. మనవడు బడి నుంచి వచ్చి తమిళంలో గబగబా ఏదో చెప్తాడు. సగం వినపడని మాటను పుట్టిన భాషలో అయితే మెదడు ఎలాగో పూడ్చుకుంటుంది, అలవాటు తక్కువైన భాషలో పూడ్చుకోలేదు. ‘ఏమంటివిరా?’ అని అవ్వ అడుగుతుంది. వాడు ఇంకోసారి చెప్తాడు. మళ్లీ అడిగితే ‘ఒణ్ణుమిల్ల’ (ఏం లేదు) అని వెళ్లిపోతాడు. అలా కొన్నాళ్లకు ఆమె అడగడం మానేస్తుంది, వాడు చెప్పడం మానేస్తాడు. ఆమె దగ్గరున్న కథలు, సామెతలు, పొలం పనుల మాటలు, చుట్టాల వరసలు ఆమె దగ్గరే ఉండిపోతాయి. తెలుగు పోతోందని ప్రభుత్వం మీద కోపపడ్డాం. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఇంట్లోనే ఉన్న ఆ బడికి చెవి మిషన్ పెట్టించకుండా ఏ ప్రభుత్వమూ మమ్మల్ని అడ్డుకోలేదు.

పట్టించుకోని వినికిడి లోపం మతి తప్పే జబ్బుకు దారితీసే కారణాల్లో ఒకటని, దాన్ని సరిదిద్దవచ్చని లాన్సెట్ కమిషన్ 2020లో చెప్పింది. 2024లో సరిచేయని చూపును కూడా ఆ జాబితాలో చేర్చింది. పేద వృద్ధులకు చెవి మిషన్లు, అద్దాలు, కట్టుడు పళ్లు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్రం 2017లో నెల్లూరులోనే మొదలుపెట్టింది. మాలో చదువుకున్నవాళ్లం కూడా ఆ పేరు ఊళ్లోకి మోసుకురాలేదు. మిషన్ వచ్చిన ఇళ్లలోనైనా ఏం చేశాం? పెట్టిన కొన్నాళ్లకే ‘గిన్నెల చప్పుడు చెవిలో గుచ్చుతాంది’ అని అవ్వ తీసేసింది. చప్పుళ్లు మరిచిన మెదడుకు మళ్లీ అలవాటు కావడానికి వారాలు పడుతుంది. రోజూ కొంచెం కొంచెంగా పెంచాలి, మళ్లీ తీసుకుపోయి శబ్దం సరిచేయించాలి. మేం మళ్లీ తీసుకుపోలేదు. బ్యాటరీ అయిపోతే కొనలేదు. మిషన్ బీరువాలో కుంకుమ డబ్బా పక్కన ఉంది.

అదే చెవుల మీద పండగకు మైకుసెట్లు కట్టాం. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసింది ఆ మైకుకే.

షుగరు ఉన్నవాళ్ల పాదాల సంగతీ ఇంతే. 2021 ఆగస్టులో పక్క కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ ప్రభుత్వ పథకం మనుషులు గడప దాకా వచ్చి బీపీ, షుగరు చూస్తారు, మాత్రలు ఇస్తారు. మాత్రలు తీసుకున్నాం. తాత అరికాలు తిప్పి చూపించలేదు. స్పర్శ పోయిన పాదంలో తుమ్మముల్లు దిగినా తెలియదు, పుండు చీము పట్టి వాసన వచ్చాక మేం చూశాం. వయసుతో ముక్కుతో పాటు నాలుక కూడా మందగించి రుచి తగ్గుతుంది. పులుసులో ఉప్పు చాలలేదని తాత అంటే వంట చేసిన మనిషి నొచ్చుకుంది, ఉప్పు డబ్బా ఆయన ముందు పెట్టాం, బీపీ ఎందుకు దిగడం లేదని ఆశ్చర్యపోయాం.

మేం చేతగానివాళ్లమైతే ఇంత బాధ ఉండేది కాదు. ఈ జిల్లా నేల నీళ్లలోని ఫ్లోరైడ్ పళ్లను మచ్చలు చేసింది, ఎముకలను వంచింది. దాని మీద జిల్లా అంతా గొంతెత్తింది. 2013లో హొగేనకల్ నుంచి కావేరి నీళ్లు పైపుల్లో వచ్చాయి. కులాలూ పార్టీలూ దాటి అడగడం మాకు తెలుసు. చెవికోసం, కంటికోసం మాత్రం మాలో ఎవరూ ఒక అర్జీ రాయలేదు.

ఇప్పుడు మాకు యాభై దాటుతున్నాయి. ఫోనును చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని చదువుతున్నాం, అద్దాలు ఇంకా కొనలేదు. బస్సులో పక్క మనిషి మాటకు తెలిసినట్టే తలూపుతున్నాం. ఇంకో పదిహేనేళ్లకు ధర్మపురి ఆస్పత్రిలో చెవి పరీక్ష గదిలో మేం కూర్చున్నప్పుడు, ఎక్కడ ఏ మాట పోయిందో మా తెలుగులో విని డాక్టరుకు తమిళంలో చెప్పే మనిషి పక్కన కావాలి. మా పిల్లలకు ఆ తెలుగు రాదు. అది వాళ్లకు చేరాల్సిన ఏళ్లలో అవ్వను నీడన కూర్చోబెట్టి, వాళ్లకు ఫోను చేతికిచ్చింది మేమే.