గరుత్మంతుడు ఎవరి బిడ్డ? ఎవరి వాహనం?

మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టేది. సొన అంటుకుని వేళ్లు నల్లగా పొక్కిపోయేవి. ఆ చేతులతోనే నన్ను బి.ఎడ్. దాకా చదివించింది. మా ఇంట్లో డిగ్రీ కాగితం పట్టుకున్న మొదటివాణ్ణి నేనే. అందుకేనేమో, తల్లిని దాస్యం నుంచి విడిపించిన గరుత్మంతుడంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం.

మొన్న అక్కుపల్లి వైపు పిల్లలకి ఆ కథే చెప్పాను. కశ్యపుడికి ఇద్దరు పెళ్లాలు. కద్రువ, వినత. తెల్లగుర్రం తోక నల్లగా ఉందని కద్రువ పందెం వేసింది. తన కొడుకులైన పాముల్ని ఆ తోకకి చుట్టుకోమంది. అంటే మోసం. ఓడిన వినత దాసి అయింది. ఆమె కడుపున పుట్టిన గరుత్మంతుడు పాముల్ని వీపు మీద మోస్తూ పెరిగాడు. ఒకరోజు తల్లిని అడిగాడు, "అమ్మా, వీళ్లని మనమెందుకు మోయాలి?" అని. ఆ ప్రశ్నలోనే విడుదల మొదలైంది. అమృతం తెస్తే వదిలేస్తామన్నారు పాములు. తెచ్చాడు. ఒక్క చుక్క తాను తాగలేదు. తల్లి బయటపడింది.

ఇంతవరకూ బాగుంది. కానీ మధ్యలో ఒక ముక్క ఉంది. పుస్తకాల్లో, సినిమాల్లో దాన్ని గబగబా దాటేస్తారు. నేను దాటలేదు. అమృతానికి బయల్దేరేముందు కొడుక్కి ఆకలేసింది. సముద్రం ఒడ్డున నిషాదులున్నారు, వేలమంది, వాళ్లని తినెయ్యి అంది తల్లి. ఎంత ఆకలైనా బ్రాహ్మణుణ్ణి మాత్రం ముట్టుకోకు అని కూడా అంది. గరుత్మంతుడు నోరు తెరిచి నిషాదుల్ని మింగాడు. ఒక బ్రాహ్మణుడు గొంతులో నిప్పులా మండితే బయటికి రమ్మన్నాడు. ఆయనకి భార్య అయినందుకు ఒక నిషాద స్త్రీ కూడా బతికింది. మిగతావాళ్ల ఊసు మళ్లీ లేదు. ఇది నేను కల్పించింది కాదు. భారతం ఆదిపర్వంలో ఉంది.

వలలవాళ్ల పిల్ల ఒకతి లేచింది. "మాస్టారూ, ఆళ్లేటి తప్పు సేసినారు?"

తప్పేటీ లేదమ్మా అన్నాను. అంతకుమించి నా నోట మాట రాలేదు.

ఆలోచించండి. రామాయణం ఎలా మొదలైంది? ఒక నిషాదుడు ఒక క్రౌంచ పక్షిని కొట్టాడని వాల్మీకి శోకించి శపించాడు. ఒక పక్షికోసం ఒక నిషాదుడికి శాపం. మరి ఒక పక్షి వేల నిషాదుల్ని మింగితే? శోకం లేదు, శ్లోకం లేదు. నిషాదరాజు కొడుకు ఏకలవ్యుడి బొటనవేలు తెగినా కథ ఆగలేదు. పక్షుల మీద మనకి పగ లేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా వచ్చే కొంగల్నీ గూడబాతుల్నీ జనం ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. మన తగువు పక్షితో కాదు, ఎవరి చావుకి ఏడవాలో ముందే రాసిపెట్టిన ఆ లెక్కతో.

మనలో కొందరు ఇంకో మాట అంటారు. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ నాగజాతిని గుర్తుచేశాడు, మనం నాగుల వారసులం, గరుడుడు మన శత్రువు అని. ఆ మాటకి బలం ఉంది. కానీ ఈ కథలో దాసిని పెట్టుకున్నది ఎవరు? నాగులే. కాబట్టి వంశం చూసి సరిపెట్టుకోకండి. ఎవరు ఎవరిని మోస్తున్నారో చూడండి. వినతని చూడండి. తానే దాసి. ఆ దాసి నోటితోనే తనకంటే కిందివాళ్లని తినెయ్యమని చెప్పించారు. పైవాణ్ణి ముట్టుకోవద్దని చెప్పించారు. మెట్లమెట్ల అసమానత అని అంబేద్కర్ చెప్పింది ఇదే.

ఇది పురాణం అనుకోకండి. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపేశారు. అప్పటికి అది మన శ్రీకాకుళం జిల్లాయే. తగువు మద్దువలస రిజర్వాయరు భూముల మీద. కొట్టడానికి వచ్చినవాళ్లు మేడల్లో జమీందార్లు కారు. వెనకబడిన కులం రైతులే, మట్టి పిసికేవాళ్లే. కింద ఇంకొకడున్నాడన్న మత్తు అంత పని చేయిస్తుంది. మన పేటల్లో లేదా ఆ మత్తు? మాల ఇంట రెల్లి పిల్లడికి ఏ గ్లాసులో నీళ్లిస్తున్నాం?

ఇక చివరి మాట, ఇది నాకు తగిలేది. అమృతం పట్టుకుని వస్తుంటే విష్ణువు వరమిస్తానన్నాడు. నీకంటే పైన ఉండాలి అన్నాడు గరుత్మంతుడు. సరేనన్నాడు. జెండా మీద బొమ్మగా పైన పెట్టాడు, కింద వీపెక్కి కూర్చున్నాడు. అమ్మ దాస్యం ఇంకా తీరనే లేదు, కొడుకు అప్పటికే వాహనం. మా చిన్నప్పుడు మా పేటోళ్లం గుడి ముందు ధ్వజస్తంభం దగ్గరే ఆగిపోయేవాళ్లం. దేవుడికెదురుగా రెక్కలున్న వీరుడు చేతులు జోడించి నిలబడి ఉండేవాడు. అప్పుడు మొక్కాను. ఇప్పుడు సిగ్గేస్తుంది, ఎందుకంటే ఆ బొమ్మ మొహం మాలాంటి ఉద్యోగస్తులది. ఇంటి అప్పు తీర్చాం. అమ్మకి మందులు కొన్నాం. ఆ తర్వాత ఎవరి పార్టీ వీపెక్కితే వాళ్లని మోస్తున్నాం. ఫ్లెక్సీ మీద పైన మన బొమ్మ. కింద మన వీపు.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగాడు. ఒక్కడే తాగి రాలేదు, వేలమందిని వెంటబెట్టుకుని వెళ్లాడు. ఎవరికీ వాహనం కాలేదు. మన అమృతం అది. ఒక్కడు ఎగిరి తెచ్చేది కాదు, అందరం నడిచి వెళ్లి తాగేది.

చదువుకున్న తమ్ముల్లారా, చెల్లెళ్లారా! గరుత్మంతుడి ప్రశ్న తీసుకోండి, "వీళ్లని మనమెందుకు మోయాలి?" అన్నది. ఆయన ఆకలి తీసుకోకండి, వాహనం పని అసలే తీసుకోకండి. ఈ ఏప్రిల్ 14న సభ మన పేటలోనే ముగించకండి. వలలవాళ్ల వాడకి వెళ్లండి, రెల్లి వీధికి వెళ్లండి, వాళ్లింట్లో అన్నం తినండి. ఆ పిల్ల అడిగిన ప్రశ్న అక్కడ అందరిముందు చదవండి.

ఆళ్లేటి తప్పు సేసినారు?

జై భీమ్.