తరిమెన పనికి తరిఫీదు ఏదీ?

తాడేపల్లి, మంగళగిరి కలిసి 2021లో నగరపాలక సంస్థ అయ్యాయి. కొత్త ఇళ్ళకు, అపార్టుమెంట్లకు ఇక్కడ కొదవ లేదు. ఇల్లు లేస్తే వడ్రంగికి పని దొరకాలి. మెట్ల పక్క గుండ్రటి చెక్క కమ్ములు, ఉయ్యాల బల్ల స్తంభాలు, మంచం కోళ్ళు తరిమెన పట్టి ఇచ్చేవారికి గిరాకీ వుంటుంది. (లేతు అంటున్నారు ఇప్పటివారు. పని అదే.) కర్రను నున్నగా పట్టడం చాలామందికి వచ్చు. పట్టిన కర్రకు తిన్నగా బెజ్జం వేయడం దగ్గరే పని చెడుతుంది.

చదును పలకకు బెజ్జం వేయడం వేరు, గుండ్రటి కర్రకు వేయడం వేరు. గుండ్రటి కర్ర మీద బరమా మొన నిలవదు, జారుతుంది. మంచం కోడుకు రెండు పట్టెలు రెండు వైపుల నుంచి వచ్చి కూర్చుంటాయి. ఆ రెండు బెజ్జాలకూ మూలమట్టం తప్పితే మంచం వున్నన్నాళ్ళూ కుంటుతుంది. ఇంటివారు కోడు కింద అట్టముక్క పెట్టి సరిపెట్టుకుంటారు. మరోసారి ఆ వడ్రంగి గుమ్మం తొక్కరు.

దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కొస బెజ్జాన్ని కర్ర తరిమెన నుంచి విప్పకముందే వేయాలి. కర్ర తిరుగుతూ, బరమా తిరక్కుండా ఎదురుగా నిలిస్తే బెజ్జం నడిమికే పోతుంది. పక్క బెజ్జాలకు కర్ర చుట్టుకొలతకు సరిపడా కాగితపు పట్టీ కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ చుట్టి గుర్తులు పెట్టుకోవాలి. గుర్తు మీద మొనతో చిన్న గుంట చేసి, నడుమ గాడి వున్న దిమ్మెలో కర్రను పడుకోబెట్టి తొలిస్తే జారదు. దగ్గరుండి ఒకసారి చూపేవారు కావాలి, అంతే.

బెజ్జం విలువ తెలియాలంటే గుంటూరు, ప్రకాశం జిల్లాలవారు తమ పెళ్ళిపందిరి వైపు చూస్తే చాలు. నాదస్వరం కూడా తరిమెన పట్టిన కర్రే. రెండడుగులు దాటిన కర్రలో పైన సన్నగా మొదలై కిందికి వెడల్పయ్యే దారి తొలవాలి. పొడవాటి బరమా చెక్క నారను పట్టుకుని పక్కకు పోవాలనే చూస్తుంది. ఆ తరువాత వేళ్ళకు ఏడు రంధ్రాలు, వాటి దిగువన శ్రుతి సర్దుకోవడానికి మైనంతో మూసుకునే రంధ్రాలు. వేలి రంధ్రం నూలువాసి తప్పితే స్వరం తప్పుతుంది. శుద్ధ మధ్యమం సరిగా పలికే పెద్ద నాదస్వరాన్ని 1955లో రాజరత్నం పిళ్ళై కోసం చేసి ఇచ్చింది తంజావూరు సీమలోని నరసింగంపేట పనివాడు రంగనాథన్ ఆచారి. ఆ ఊరి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

వాయించడంలో ఈ జిల్లాలు ఎవరికీ తీసిపోలేదు. 1924లో కరవదిలో పుట్టి, చిలకలూరిపేటలో ఆదం సాహెబు వద్ద నేర్చిన షేక్ చినమౌలానా శ్రీరంగం వెళ్ళి స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. అంతటి విద్వాంసులను కన్న నేల మీద, వారు పట్టే కర్రను తొలిచే పనికి కూడా పేరు రావద్దా? ఏటికొప్పాకవారు అంకుడు కర్ర బొమ్మలతో 2017లోనే ఆ గుర్తింపు తెచ్చుకున్నారు. బొమ్మబండి చక్రానికి బెజ్జం నడిమిన లేకపోతే బండి గెంతుతుందని వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం అందులో వున్నాయి. మంచిదే. అయితే చేయి తిరగనివాని చేతికి కరెంటు బరమా ఇస్తే వంకర బెజ్జం ఇంకా త్వరగా పడుతుంది. ఆ శిక్షణలో కనీసం రెండు రోజులు తరిమెన దగ్గర బెజ్జం పనికే కేటాయించాలి. తాడేపల్లి వడ్రంగులకు తాడేపల్లిలోనే, కర్ర పొట్టు రాలే షెడ్డులోనే అది జరగాలి. నేర్పడానికి వయసు మళ్ళిన పనివారిని పిలిచి, వారికి ఆ రోజుల కూలి ముందుగానే చేతిలో పెట్టాలి.