పరుగెత్తలేనివారి పేర్లు ముందు రాసుకుందాం



2025 మే 18 తెల్లవారుజామున షోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడలో ఒక తువ్వాళ్ల కార్ఖానా తగలబడి 8 మంది చనిపోయారు. అక్కడే కాపురమున్న వృద్ధ యజమాని, ఆ ఇంటి పసిబిడ్డ, కార్మికులు కూడా వారిలో ఉన్నారు. నిప్పు కూలీ అని, యజమాని అని చూడలేదు. కింద సాంచాలు, పైన కాపురాలు ఉన్న ఇళ్లు మన పేటల్లో ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు.

నిప్పు మాట వచ్చినప్పుడల్లా మనం మంటలార్పే సిలిండర్లు, రెండో తలుపు, తాళం వేయని షట్టరు అడుగుతాం. అడగాల్సిందే. కానీ రెండో తలుపు ఉన్నా, దాకా నడవలేనివాడి సంగతేమిటి? సైరన్ మోగినా, వినబడనివాడి సంగతేమిటి?

ఇది ఎవరో నలుగురి సమస్య కాదు. ముప్పై ఏళ్లు సాంచాల చప్పుడులో నిలబడ్డవారికి చెవుడు వస్తుంది. బ్లోరూంలో, కార్డింగులో దూది ధూళి పీల్చినవారికి ఊపిరితిత్తులు చెడతాయి. పొగ కమ్మితే ముందు పడిపోయేది వారే. చెవులూ ఊపిరీ మిల్లుకే ఇచ్చి ఇంటికి చేరినవారిని ప్రమాదం వేళ మరిచిపోవడం అన్యాయం కాదా?

ముందే ఏర్పాటు చేసుకుంటే ప్రాణాలు దక్కుతాయనడానికి ఒడిశాయే సాక్ష్యం. 1999 అక్టోబరు పెనుతుఫానులో అక్కడ దాదాపు 10,000 మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను, మన తెలుగువారు తరతరాలుగా ఉంటున్న బరంపురానికి దగ్గరలో, గోపాలపూర్ వద్ద తీరం దాటింది. అంతకుముందే దాదాపు 10 లక్షల మందిని తుఫాను షెల్టర్లకు, ఎత్తయిన చోట్లకు చేర్చారు. మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఈ తేడా అదృష్టం వల్ల రాలేదు. ఎవరిని ఎక్కడికి, ఎలా చేర్చాలో ముందే అనుకోవడం వల్ల వచ్చింది.

చట్టం కూడా మన పక్షానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ఆ జిల్లాలోని వికలాంగుల వివరాలు రాసి ఉంచాలి. ప్రమాదం పొంచి ఉంటే వారికి తెలియజేయాలి. ఆ రికార్డులో మన చాళ్లవారి పేర్లు ఉన్నాయా అని కలెక్టరు కచేరీలో అడగడం మన హక్కు. మంచం పట్టిన వృద్ధుల పేర్లు కూడా అందులో చేర్చాలని మనం కోరాలి.

అయితే కాగితం వచ్చేదాకా కూర్చోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. ప్రతి చాల్‌లో, ప్రతి ఖాతాలో యూనియన్ ప్రతినిధులు ఒక జాబితా తయారు చేయాలి. నడవలేనివారు, చూపు లేనివారు, వినబడనివారు, ఒంటరి వృద్ధులు ఎవరెవరు, ఏ గదిలో ఉంటారు? ఒక్కొక్కరికి ఇద్దరు మనుషుల పేర్లు రాయాలి. ఒకరు రాత్రి పాళీలో ఉంటే రెండోవారు ఇంటి దగ్గర ఉండాలి. మెట్లు దిగలేని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, లేదా గట్టి దుప్పటిలో పడుకోబెట్టి నలుగురు ఎలా దింపాలో ఒకసారి చేసి చూడాలి. వీలైతే అటువంటివారికి కింది గది ఇవ్వాలి. వారం రోజుల మందులు, ఆధార్, రేషన్ కార్డుల నకళ్లు ఒక సంచిలో తలదగ్గరే ఉండాలి. మెట్ల మీద బేళ్లు, సైకిళ్లు పెట్టనివ్వకూడదు. 112 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి. మిల్లులో సైరన్‌తో పాటు వెలిగి ఆరే ఎర్రదీపం పెట్టమని యాజమాన్యాన్ని అడగాలి.

ఒక చిక్కు ఉంది. వినబడడం లేదని చెబితే పని పోతుందని చాలామంది దాస్తారు. ఆ భయం ఉత్తది కాదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తొలగించరాదన్న నిబంధన ఆ చట్టంలో ప్రభుత్వ సంస్థలకే ఉంది. ప్రైవేటు కార్ఖానాలకు లేదు. అందుకే ఈ జాబితా యూనియన్ చేతిలో ఉండాలి గాని మేనేజరు బల్ల మీద కాదు. దాన్ని చూపి ఒక్కరిని పనిలోంచి తీసినా అందరం నిలబడతామన్న మాట ముందే ఇవ్వాలి. ఆ నమ్మకం లేకపోతే పేరు ఇచ్చేవారు ఉండరు.

బోనస్ కోసం, మజూరీ కోసం కలిసి నడిచినవాళ్లం మనం. మనతో కలిసి నడవలేని స్థితికి వచ్చినవారిని మోసుకెళ్లే బాధ్యత కూడా మనదే. ఈ నెల చాల్ కమిటీ సమావేశాల్లో మొదటి అంశంగా ఈ జాబితాను చేపట్టాలని కోరుతున్నాం.