అద్దె కాగితం ఖర్చు ఎవరి జేబులోంచి?

సారపాకలో గది అద్దెకు తీసుకునే మన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక ప్రశ్న తప్పట్లేదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయించాలంటే ఆ ఫీజు ఎవరు కట్టాలి? ‘కాగితం కావాల్సింది నీకు కదా, నువ్వే కట్టుకో’ అంటారు ఓనర్లు. మనోళ్లు కూడా సరే అని తల ఊపేస్తారు. నేనైతే ఓనరే కట్టాలంటాను.

ముందు చట్టం సంగతి. 1899 నాటి స్టాంపుల చట్టం, 29వ సెక్షన్. ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేకపోతే లీజు స్టాంపు ఖర్చు అద్దెకున్నోడిదే అంటుంది. తెల్లదొరల కాలపు రూలు మరి! కానీ ‘వేరే ఒప్పందం లేకపోతే’ అన్నారు చూడండి, మనం పట్టుకోవాల్సింది ఆ మాటనే. ‘ఖర్చు ఓనరుది’ అని అగ్రిమెంటులో ఒక లైను రాయించుకోవచ్చు.

11 నెలల అగ్రిమెంటు కిటుకు అందరికీ తెలిసిందే. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనుకుని పదకొండు దగ్గర ఆపేస్తారు, కానీ మన రాష్ట్రంలో లీజు ఎన్ని నెలలదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే. ఫీజు మిగిలింది అనుకుంటాం. పన్నెండో నెలలో అద్దె పెంచినా, ఖాళీ చేయమన్నా మన చేతిలో ఏమీ ఉండదు.

అసలు విషయం ఇక్కడుంది. సారపాక ఏజెన్సీ ఊరు, ఇక్కడ 1/70 నడుస్తుంది. 1/70 అంటే భూమి అమ్మకాలకే అని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ చట్టంలో ‘బదిలీ’ అంటే లీజు కూడా. తీసుకునేది ఆదివాసీ అయితేనే, లేదా ఆదివాసీలే సభ్యులుగా ఉన్న సొసైటీ అయితేనే చెల్లుతుంది. ఇచ్చేది ఎవరైనా సరే. ఇప్పుడు దీన్ని 29వ సెక్షన్ పక్కన పెట్టి చూడండి. ఇక్కడ చట్టప్రకారం లీజు తీసుకోగలిగేది ఆదివాసీ. కాబట్టి ఆ ఖర్చు పడేదీ ఆదివాసీ మీదే. తాతల నేల మీద గదికి అద్దె కట్టి, దాని కాగితానికి కూడా మనమే కట్టాలన్నమాట!

ఇంకోటి. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ దగ్గర నుంచి వచ్చిందేనని 1/70 ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అతనే. అలాంటప్పుడు ‘ఈ ఇంటి యజమాని ఫలానా’ అని రాసి, మన చేత సంతకం పెట్టించి, మన డబ్బుతో రిజిస్టర్ చేయిస్తే బలం ఎవరికి? రేపు ఎల్.టి.ఆర్ కేసు వస్తే ఆ కాగితం ఎవరి ఫైల్లో ఉంటుంది? తన సాక్ష్యం తన ఖర్చుతోనే తయారు చేసుకోమనండి.

ఓనరు మీద బాధ్యత పెట్టడం కొత్తేం కాదు. మహారాష్ట్ర 1999 అద్దె చట్టంలో రిజిస్టర్ చేయించాల్సింది ఓనరే. చేయించకపోతే, వేరేగా రుజువయ్యేదాకా షరతుల మీద అద్దెకున్నోడి మాటే చెల్లుతుంది. ఓనరుకి జైలు కూడా పడొచ్చు.

‘ఫీజుని అద్దెలో కలిపేస్తాడు కదన్నా’ అంటారు. కలపొచ్చు. కానీ అప్పుడు నెలనెలా కొంచెం కొంచెం పడుతుంది. ఇప్పుడైతే అడ్వాన్సు, మొదటి నెల అద్దె, ఫీజు అన్నీ ఒకేసారి. చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో పేపర్ మిల్లులో కాంట్రాక్టు పనికి వచ్చిన కుర్రోడికి అప్పటికి మొదటి జీతం కూడా రాదు.

మనలోనూ ఓనర్లున్నారు. రెండు గదులేసి అద్దెకిచ్చే కోయ అక్కలున్నారు. ఆదివాసీ ఆదివాసీకిస్తే చెరి సగం పెట్టుకోండి, అది ఇంటి మాట. కానీ ఎక్కువ అద్దె వస్తుందని గిరిజనేతరుడికిస్తే అక్కడ ఫీజు ప్రశ్నే లేదు, ఆ లీజే చెల్లదు. భూమిని మిర్చికో పత్తికో నోటిమాటతో కౌలుకిచ్చినా అంతే. ఈ మాట మనోళ్లకి నచ్చదని తెలుసు. 1/70 కోసం రోడ్డెక్కి అరిచి, ఇంటికొచ్చి దాన్ని అటక మీద పెడితే ఎట్లా?

ఈసారి ఎవరైనా సంతకం పెట్టమంటే ముందు ఆ ఇంటి కాగితాల జిరాక్స్ అడగండి. ఫీజు లైను రాయించండి. అద్దె ఫోన్‌పేలో పంపండి, చేతికిస్తే రసీదు తీసుకోండి. ఇవ్వనన్నవాళ్ల సంగతి గ్రామసభలో మాట్లాడదాం.