విద్యుత్ సంఘమున ఓటెవ్వరికి?

సహకార సంఘమున వాటాదారుఁడే యజమాని. ఓటు వేయునపుడు ఈ సంగతి మఱచుచున్నాము. అనకాపల్లి ప్రాంతమునను విద్యుత్ సహకార సంఘము వెలసినది గనుక బుచ్చయ్యపేట చదువరులకు ఇది పరాయి విషయము కాదు.

1970లో ఏర్పడిన సిరిసిల్ల సంఘమునకు 2022 డిసెంబరు 24న ఎన్నికలు జరిగెను. 15 డైరెక్టరు పదవులకు రాజకీయపక్షములే తలపడెను. నాఁటి తెలంగాణా పాలకపక్షము అన్నిటిని గెలుచుకొనెను. గెలుచుట నేరము కాదు. కాని డైరెక్టరు పని యేమి? మొత్తముగా కొన్న కరెంటును గ్రామములకు పంచుట, తీగలలో పోవు నష్టమును అరికట్టుట, కాలిన ట్రాన్స్‌ఫార్మరును పైరు ఎండకమునుపే మార్పించుట. వీనికన్న కష్టమైన దొకటి గలదు. రైతుల పంపుసెట్లకిచ్చు ఉచిత కరెంటు సొమ్మును ప్రభుత్వము సంఘమునకు చెల్లింపవలెను. ఆ బాకీ నిలిచిననాఁడు, పాలకపక్షపు అండతో గద్దెనెక్కినవాఁడు ఏ నోట నడుగును?

అసలు ఎన్నికయే జరుగకుండుట అంతకన్న చెడ్డది. 2011 నాఁటి 97వ రాజ్యాంగ సవరణ, గడువు తీరకమునుపే ఎన్నిక జరుపుమనెను. రాష్ట్రముల ఆమోదము పొందలేదని 2021 జూలైలో సుప్రీముకోర్టు, రాష్ట్ర సంఘములకు సంబంధించినంతవఱకు దానిని కొట్టివేసెను. తీర్పు న్యాయమే, భారము మాత్రము శాసనసభలపై బడినది.

నామినేషనులకు ముందే ఆడిటు నివేదికను చావడిలో చదివి వినిపింపవలెను. అభ్యర్థి కులమును పక్షమును మన మెఱుఁగనివి కావు. ప్రభుత్వపు బాకీ యెంతయో, దానిని రాఁబట్టు తెఱఁగేదియో అతనినే అడుగుదము.