మానాలన్న మనసుకూ మోతాదు కావాలి

మన భాషలో ఒక చిత్రం ఉంది. రోగం తగ్గించేదీ మందే, మనిషిని ముంచేదీ మందే. నల్లమందుకు ఆ పేరు పెట్టిన పూర్వీకులు ఈ రెంటి నడుమ గీత ఎంత పలుచనో ఎరిగినవారే అయి ఉంటారు.

తణుకులో మా బావగారికి లారీ ప్రమాదంలో నడుము దెబ్బతింది. నొప్పికని మొదలుపెట్టిన ట్రమడాల్ బిళ్ళలు రెండేళ్ళకు ఆయనను మంచం దిగనివ్వని స్థితికి తెచ్చాయి. ట్రమడాల్ నల్లమందు తరహా మందే. 2018లో దానిని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చాక కొట్లలో దొరకడం కష్టమైంది. అప్పుడు వైద్యుని దగ్గరకు వెళ్ళారు. నాలుక కింద ఉంచుకునే బ్యుప్రెనార్ఫిన్ బిళ్ళతో నెల తిరిగేసరికి మళ్ళీ కొట్టు తెరిచారు.

మేము ఊరుకున్నామా? "ఒక మత్తు మాని ఇంకొక మత్తా? పట్టుదల ఉంటే ఇదీ మానవచ్చు" అన్నాము. ఆ మాట అన్నవారిలో నేనే ముందున్నాను. అక్క వైద్యుని అడగకుండానే బిళ్ళను సగానికి విరిచి ఇవ్వసాగింది. మూడు వారాలకు ఆయన పాత బిళ్ళల కోసం ఊళ్ళు తిరిగారు. "ఆయనకు మానాలని లేదు" అని తీర్పు కూడా మేమే చెప్పాము.

తరువాత చదివి సిగ్గుపడ్డాను. 1965లో న్యూయార్కులో డోల్, నైస్వాండర్ అనే వైద్యులు హెరాయిన్ రోగులకు తగినంత మెథడోన్ రోజూ ఇచ్చి, వారు చదువుల్లో, ఉద్యోగాల్లో కుదురుకోవడం చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలలో కొనసాగింపు మోతాదు మెథడోన్ అయితే రోజుకు 60 నుంచి 120 మిల్లీగ్రాములనీ, బ్యుప్రెనార్ఫిన్ అయితే సగటున 8కి తగ్గరాదనీ ఉంది. మానసిక సలహా వద్దన్న రోగికి కూడా మందు నిరాకరించరాదని అందులోనే ఉంది.

మోతాదు చాలకపోతే సాయంత్రానికే ఆవలింతలు, కళ్ళవెంట నీళ్ళు, ఒళ్ళు నొప్పులు, నిద్ర లేకపోవడం. రోజంతా బిళ్ళ ధ్యాసే అయిన మనిషిలో సంకల్పానికి చోటెక్కడిది? కాలువకు నీరు వదలకుండా శివారు రైతును సోమరి అనడం వంటిదే మా తీర్పు.

మోతాదు ఎంత పెంచితే అంత మేలని నా వాదన కాదు. మెథడోన్ తొందరపడి పెంచితే ఊపిరి ఆగిపోవచ్చు. బ్యుప్రెనార్ఫిన్‌తో సారా, నిద్రబిళ్ళలు కలిస్తే ప్రమాదం. మందు హఠాత్తుగా ఆపి కొంతకాలానికి పాత మోతాదు మళ్ళీ వేసుకుంటే, తట్టుకునే శక్తి తగ్గిన శరీరానికి అదే ప్రాణాంతకం. అందుకే పెంచడమూ తగ్గించడమూ వైద్యుడు రోగితో కలిసి చేయవలసిన పని. ఇంటివారి నీతిబోధకు అక్కడ చోటు లేదు.

పట్టుదల అక్కరలేదనీ అనను. అది చికిత్సకు ప్రవేశ పరీక్ష కారాదని మాత్రమే అంటాను. తగిన మోతాదు అందిన తరువాత అది మెల్లగా మొలకెత్తడం మా ఇంట్లోనే చూశాను. వైద్యుడు పూర్వపు మోతాదుకు తెచ్చిన కొన్నాళ్ళకు బావగారు భోజనం దగ్గర అన్నారు: "ఇవాళ మధ్యాహ్నం దాకా ఆ బిళ్ళ సంగతే గుర్తుకు రాలేదోయ్."

మేము విరిచిన సగం బిళ్ళలు ఆ మాటను ఎన్ని వారాలు వెనక్కి నెట్టాయో లెక్క వేసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.