మాత్ర ఇచ్చేటప్పుడే మాట చెప్పాలి

హెచ్ఐవి మందు మొదలుపెట్టే రోజే దాని దుష్ప్రభావాలు చెబితే రోగి బెదిరిపోయి అసలుకే మానేస్తాడని కొందరి వాదన. ఆ భయం ఉత్తిది కాదు. కానీ చెప్పకపోతే మానడని నమ్మకమేమిటి? 2004లో ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టినప్పుడు తమిళనాడు తొలి రాష్ట్రాల్లో ఒకటి. అప్పట్లో విరివిగా వాడిన నెవిరపిన్‌తో కొందరికి దద్దుర్లు వచ్చేవి, ఎక్కువగా మొదటి ఆరు వారాల్లోనే. అందుకే తొలి 14 రోజులు సగం మోతాదే ఇచ్చేవారు. ఈ సంగతి తెలియని మనిషి చిన్న దద్దుకే 'మందు పడలేదు' అని ఆపేస్తే, వైరస్ ఆ మందుకు లొంగకుండా పోవచ్చు. ఇంకొకరు జ్వరం, నోటిపూత, కళ్లెర్రదనం తోడైనా 'వేడి చేసింది' అని మజ్జిగ తాగి ఊరుకుంటే ప్రాణం మీదికే వస్తుంది. ఏది ఓర్చుకోవాలో, దేనికి ఆసుపత్రికి పరుగెత్తాలో ముందే విన్నవాళ్లకు ఈ రెండు ప్రమాదాలూ చాలావరకు తప్పుతాయి.

కోయంబత్తూరు, మదురై వైపు పాత తెలుగు కుటుంబాల విషయంలో ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తమిళ కరపత్రం చాలదా అంటే, చదువుకున్నవారికి చాలు. మందుల దుష్ప్రభావాలను రోగులే తెలిపే ప్రభుత్వ ఫారం తెలుగులోనూ ఉంది, కానీ మన లిపి రాని తెలుగువారికి అది అక్కరకు రాదు. బడి ముఖం చూడని పెద్దావిడకు ఏ లిపి అయినా ఒకటే. ఆమెకు కావలసింది నోటిమాట, అదీ తన ఇంటి తెలుగులో. అలా మాట్లాడేది ఇరుగుపొరుగువారే కదా, గుట్టు దాగుతుందా అన్న అభ్యంతరం మాత్రం బలమైనదే. అందుకే ఈ పని వీధిలో వాళ్లకు అప్పగించకూడదు. హెచ్ఐవి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో తలుపు మూసుకుని మాట్లాడే కౌన్సిలరే చెయ్యాలి, వారికి ఆ తెలుగు నేర్పించాలి.

ఇప్పుడు చాలామందికిచ్చే డోల్యుటెగ్రవిర్ మాత్ర మునుపటివాటికన్నా మేలు. అలాగని చెప్పడానికేమీ లేదనుకోవద్దు. రాత్రి నిద్ర పట్టకపోతే పొద్దున వేసుకోవచ్చు. అల్యూమినియం, మెగ్నీషియం లాంటివున్న గ్యాసు మందు (యాంటాసిడ్) వేసుకునేవారు ఈ మాత్రను దానికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో మింగాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి, రెండూ కలిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో ఎక్కువగా నిలుస్తుంది. అంతా చెప్పి 'అర్థమైందా' అంటే ఎవరైనా తలే ఊపుతారు. 'ఒంటిమీద దద్దు, జ్వరం కలిసి వస్తే ఏం చేస్తావమ్మా?' అని అడిగి, ఆమె నోటి నుంచి సరైన జవాబు వచ్చాకే మాత్రల డబ్బా చేతికివ్వాలి.